లిఫ్టు తలుపు తెరుచుకుంది, హాలు నవ్వింది: ఒక పైలట్ ఎపిసోడ్ రీ-ఎడిట్

ఆ ఎపిసోడ్ ఎడిటర్‌నైన నా చేతికి వచ్చేసరికి దాదాపు తయారైపోయింది. ఆరు ఎపిసోడ్ల స్ట్రీమింగ్ సిరీస్‌లో మొదటిది, అంటే పైలట్, నిడివి 42 నిమిషాలు. ఎడిట్ లాక్ చేసే ముందు, అంటే ఇక మార్పులు లేవని ఖాయం చేసే ముందు, నిర్మాతలు బయటివాళ్లను కొందరిని పిలిచి చూపించారు. ఆ తర్వాత నాకు వచ్చిన కబురు చాలా చిన్నది: "ల్యాగ్ ఉందంటున్నారు, ఒక పది నిమిషాలు లేపేయాలి." దాంతోపాటు ఆ రోజు హాల్లో జనం ముఖాలను తీసిన వీడియో, వాళ్లు నింపిన ఫారాలు కూడా పంపారు. కబురు కన్నా ఆ వీడియోనే ఎక్కువసార్లు చూశాను.

సిరీస్ పేరు చెప్పడానికి ఒప్పందం ఒప్పుకోదు. కథ కూడా గుర్తుపట్టకుండా అక్కడక్కడ మార్చి చెబుతున్నాను. రాత్రి డ్యూటీలు చేసే ఒక నర్సు పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకు దిగుతుంది. అంతకుముందు ఆ ఫ్లాట్‌లో ఉన్నావిడ చెప్పాపెట్టకుండా మాయమైందని మెల్లగా తెలుస్తుంది. ప్రతి రాత్రీ ఒకే వేళకు లిఫ్టు మూడో అంతస్తులో ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, లోపల ఎవరూ ఉండరు. పక్కన రెండు హాస్యపాత్రలున్నాయి: అసోసియేషన్ సెక్రటరీ, వాచ్‌మన్. స్క్రిప్టు చదివిన ఎవరైనా ఇది భయం మీద నడిచే మిస్టరీ అనే అంటారు.

31వ నిమిషంలో నర్సు ఎదుట ఖాళీ లిఫ్టు తెరుచుకోగానే హాల్లో చాలామంది నవ్వారు. వెక్కిరింపుగా నవ్వి ఉంటే సీను తేలిపోయిందనుకోవచ్చు. వీళ్లు జోకు పేలినప్పుడు నవ్వినట్టు హాయిగా నవ్వారు. దర్శకుడిని కుంగదీసింది అదే, నాకు ఆశ కలిగించిందీ అదే. ఆ సీను పనిచేసింది, వేరే జానర్‌లో, అంటే వేరే తరహా కథలో పనిచేసింది. ఫారాల్లో "మీరు చూసింది ఏ తరహా కథ?" అన్న ప్రశ్నకు సగానికి పైగా ఫ్యామిలీ కామెడీ అని రాశారు. కొందరు క్రైమ్ అన్నారు. ఒకరు మాత్రం "కామెడీయే, చివర్లో అనవసరంగా సీరియస్ చేశారు" అని రాశారు. నా పనికి దారి చూపించింది ఆ ఒక్క వాక్యమే.

మొదటి మూడు నిమిషాలు

శవం ఉంటే క్రైమ్, దెయ్యం ఉంటే హారర్ అని కథావస్తువును బట్టి జానర్ తేలుతుందని చాలామంది రచయితల నమ్మకం. ఎడిట్ టేబుల్ దగ్గర అలా కనిపించదు. కథేమిటో తెలియకముందే చూసేవాళ్లు ఒక అంచనాకు వచ్చేస్తారు. వెలుగు ఎలా పడుతోంది, కెమెరా ఎంత దూరంలో నిలబడింది, ఏ వాయిద్యం మోగుతోంది, షాటు ఎంతసేపు ఆగుతోంది అన్నవి చాలు. తర్వాత వచ్చేవన్నీ ఆ అంచనా ప్రకారమే అర్థమవుతాయి. ఒక మనిషి మెట్ల మీద జారిపడితే నవ్వాలో, అయ్యో అనాలో అప్పటికే నిర్ణయమైపోయి ఉంటుంది.

థియేటర్ సినిమాకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. పోస్టరూ ట్రైలరూ చూసి, టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లకు సగం సంగతి బయటే తెలిసిపోతుంది. ఇంట్లో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పోయేవాళ్లకు మొదటి ఎపిసోడ్ తనేమిటో తానే చెప్పుకోవాలి. టెలివిజన్‌లో టైటిల్స్‌కు ముందు చిన్న టీజర్ పెట్టే ఆనవాయితీ స్థిరపడటానికి ఇదొక కారణం. టీజర్ కథ మొదలుపెట్టకపోయినా ఫరవాలేదు, తర్వాత వచ్చేదాన్ని ఎలా చూడాలో నేర్పితే చాలు.

మా పైలట్ టీజర్ ఏం నేర్పింది? సెక్రటరీ లిఫ్టులో ఇరుక్కుపోతాడు, వాచ్‌మన్ బయట నిలబడి పనికిరాని సలహాలిస్తుంటాడు. మూడు నిమిషాల సీను. నటులిద్దరూ అదరగొట్టారు. వెడల్పైన షాట్లు, నిండు వెలుగు, వేలితో మీటిన వయొలిన్ తీగల టెంప్ మ్యూజిక్ (అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా పెట్టుకునేది). కథంతా ఏ వస్తువు మీద ఆధారపడి ఉందో దాన్నే జోకు వస్తువుగా పరిచయం చేశారన్నమాట.

వెలుగు గురించి ఇక్కడో పక్కమాట. నీడల్లేకుండా నిండుగా వెలిగే గదిని చూస్తే కామెడీ అనిపించడానికి ఒక చరిత్ర ఉంది. 1951లో మొదలైన అమెరికన్ టీవీ కామెడీ 'ఐ లవ్ లూసీ'ని స్టూడియోలో ప్రేక్షకుల ఎదుట, ఒకేసారి మూడు ఫిల్మ్ కెమెరాలతో తీశారు. మూడు కోణాలూ ఒకేసారి తీస్తున్నప్పుడు షాటుకొకసారి లైట్లు మార్చుకునే వీలుండదు, ఏ కోణానికీ వికారమైన నీడ పడకూడదు. అందుకే సెట్టంతా ఒకే తీరున వెలిగేలా పద్ధతి రూపొందించారు. రూపొందించిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్. 1927 నాటి 'మెట్రోపోలిస్'కు పనిచేసినవాడు, 1931లో 'డ్రాక్యులా' తీసిన కెమెరామన్. నీడలతో భయపెట్టడంలో ఆరితేరిన మనిషే నీడల్లేని కామెడీ వెలుగుకు రూపమిచ్చాడు. పని సౌలభ్యం కోసం పుట్టిన పద్ధతి, చూసిచూసి అలవాటైన కళ్లకు కామెడీ గుర్తుగా మారిపోయింది. శైలి సంప్రదాయం కావడం చాలావరకు ఇలాగే జరుగుతుంది, ఎవరూ కూర్చుని నియమం రాయరు.

మా సిరీస్‌లోనూ అలాంటి అవసరమే. షెడ్యూలు బిగుతుగా ఉండటంతో కారిడార్ మొత్తానికి ఒకే లైటింగ్ చేసి, రెండు కెమెరాలు పెట్టి, జోకు సీన్లూ భయం సీన్లూ వరసగా తీసేశారు. కామెడీలా కనిపించాలని ఎవరూ అనుకోలేదు. తెర మీద మాత్రం అలాగే కనిపించింది.

కట్‌లో ఉన్న జోకు

31వ నిమిషం సీనును టైమ్‌లైన్ మీద షాటు షాటుగా విప్పాను. నర్సు లిఫ్టు ముందు నిలబడి ఉంది, వెడల్పు షాటు. 'టింగ్' మని మోత. తలుపు తెరుచుకుంటుంది, ఖాళీ లిఫ్టు మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది. క్షణం నిశ్శబ్దం. తర్వాత నోరు తెరిచిన వాచ్‌మన్ క్లోజప్. సీను అయిపోయింది.

ఈ వరస జోకు చెప్పే వరస. విషయం చూపించి, చిన్న ఖాళీ ఇచ్చి, రియాక్షన్‌తో మూత పెడతాం. ఆ రియాక్షన్ షాటే నవ్వొచ్చని చూసేవాళ్లకిచ్చే అనుమతి. భయపెట్టాలంటే సాధారణంగా వరస తిరగేస్తాం. ముందు ముఖం వస్తుంది. ఆ ముఖం దేన్ని చూస్తోందో చూపించకుండా షాటును ఓర్చుకున్నంతసేపు నిలబెడతాం. ఆ తర్వాత వస్తువు, అదీ పూర్తిగా కాకుండా. అన్నింటికన్నా ముఖ్యం, దాని తర్వాత ఊపిరి తీసుకునే షాటు ఉండదు.

ఇంకో చిక్కు టీజర్లో ఉంది. అక్కడ ఇదే మోత, ఇదే క్షణం నిశ్శబ్దం, ఇదే వాచ్‌మన్ ముఖం మూడుసార్లు వచ్చాయి, మూడుసార్లూ నవ్వు పుట్టించాయి. మనమే పాఠం చెప్పి, 31వ నిమిషంలో పరీక్ష పెట్టాం. వాళ్లు మనం చెప్పిన పాఠాన్నే అప్పజెప్పారు.

ఇలాంటి కేసుల్లో నేను బోర్డు మీద రెండు నిలువు వరసలు గీసుకుంటాను. ఒకదాంట్లో కనిపించే, వినిపించే సామాను. రెండోదాంట్లో ఆ సామాను మధ్య సంబంధాలు, సీన్లు నడిచే తీరు. 1984లో రిక్ ఆల్ట్‌మన్ అనే సినిమా పండితుడు జానర్‌ను చూడటానికి ప్రతిపాదించిన పద్ధతికి ఇది నా మోటు రూపం. మొదటి వరస చూస్తే మా ఎపిసోడ్ నూటికి నూరుపాళ్లు హారర్: పాత భవనం, రాత్రి, ఒంటరి మనిషి, మాయమైన అద్దెదారు, తనంతట తాను కదిలే యంత్రం. రెండో వరస చూస్తే సిట్‌కామ్, అంటే టీవీ కామెడీ సీరియల్. ప్రతి సీనులో తలెత్తిన ప్రశ్నకు ఆ సీనులోనే జవాబు దొరుకుతోంది. లిఫ్టు ఆగితే వెంటనే ఎవరో ఒకరు "వైరింగ్ పాతదమ్మా" అంటారు. ప్రతి సీనూ నలుగురు కలిసి నిలబడి ఉండగా ముగుస్తోంది, పరిస్థితి మొదటికొస్తోంది. భయం కథలో సీను ముగిసేసరికి ఏదో ఒకటి తేలకుండా మిగిలిపోవాలి, తర్వాతి సీను ఆ బరువుతో మొదలవ్వాలి. రెండో వరస మారనంతవరకూ మొదటి వరసలో ఎంత సరంజామా పోగేసినా ఉపయోగం లేదు.

దర్శకుడితో

దర్శకుడు మొదటి మీటింగులోనే చెప్పాడు: "మనది ఏ జానర్‌లోనూ ఇమిడే కథ కాదు సర్. ఆ గీతలు చెరపడానికే తీశాను." తరచూ వినే మాటే, చెడ్డ కోరికేమీ కాదు. అయితే గీత ఎక్కడుందో చూసేవాళ్లకు తెలిస్తేనే అది చెరిగిన సంగతి తెలుస్తుంది. 1995లో డెన్మార్క్ దర్శకులు లార్స్ వాన్ ట్రయర్, థామస్ వింటర్‌బెర్గ్ ప్రకటించిన డాగ్మె 95 నియమాల్లో జానర్ సినిమాలు తీయకూడదన్నది కూడా ఒకటి. కెమెరా చేతిలోనే ఉండాలి, ప్రత్యేకమైన లైటింగ్ వద్దు, సన్నివేశం తీస్తున్న చోట మోగితే తప్ప సంగీతం వద్దు. ఈ నియమాలతో తీసిన సినిమాను కాసేపు చూస్తే చాలు, ఏ కోవదో గుర్తుపట్టేయొచ్చు. జానర్ వద్దన్నవాళ్లకే ఒక ముద్ర పడింది, ఆ ముద్ర చూసి జనం ఏం ఎదురుచూడాలో నేర్చుకున్నారు.

ఇదంతా ఆయనకు చెప్పలేదు. మీటింగుల్లో చరిత్ర ఎత్తుకుంటే ఎవరూ వినరు. స్క్రిప్టు మీద ఎక్కడ నవ్వు కావాలో, ఎక్కడ భయం కావాలో గుర్తుపెట్టి ఇమ్మన్నాను. లిఫ్టు సీను పక్కన ఎర్ర ఇంకుతో 'భయం' అని రాసి, కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు. అక్కడితో వాదన ముగిసింది.

నవ్వూ భయమూ ఒకే ఎపిసోడ్‌లో నడవవని నేను అనను. మన అలంకారికులు ఈ తలనొప్పిని ఎప్పుడో పట్టుకున్నారు. హాస్యానికి భయానకం విరోధి అని విశ్వనాథుడి సాహిత్యదర్పణం చెబుతుంది. అంతకు చాలాముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఉపాయమూ చెప్పాడు. ఒక రసం అంగిగా, అంటే ప్రధానంగా ఉండాలి, తక్కినవి దానికి అంగాలు కావాలి. విరోధులైన రెండు రసాలు పక్కపక్కన రావలసివస్తే మధ్యలో మూడోదాన్ని నిలపాలి. శాంతమూ శృంగారమూ రెండూ ఉన్న నాగానంద నాటకాన్ని ఉదాహరణగా చూపుతాడు. ఆ రెంటి నడుమ నిలిచేది అద్భుతమని వ్యాఖ్యాతలు వివరించారు. కావ్యశాస్త్రం అనుకుని పక్కన పెట్టేసే ఈ మాటను నేను టైమ్‌లైన్ మీద పనిముట్టులా వాడతాను. మా ఎపిసోడ్‌లో జోకు చివరి ఫ్రేముకు భయం మొదటి ఫ్రేము అతుక్కుని ఉంది. రెంటి మధ్య ఆశ్చర్యానికి చోటు దొరికితే చాలు.

ఏం మార్చాం

లిఫ్టులో ఇరుక్కున్న సీనును తీసేయమని నిర్మాతలు అన్నారు. తీసేస్తే ఆ రెండు హాస్యపాత్రలు తర్వాత ఎక్కడినుంచో ఊడిపడినట్టుంటాయి. అందుకని సీను ఉంచి, టైటిల్స్ తర్వాతకు జరిపాను. సంగీతం తీసేశాను. నటన బాగున్న జోకుకు వయొలిన్ తోడు అక్కర్లేదు, ఆ తీగలే ఎపిసోడ్ మొత్తానికి కామెడీ ముద్ర వేస్తున్నాయి.

అసలైన మార్పు ఆ సీను ముగింపులో వచ్చింది. ఇద్దరూ ఒకేసారి అరుచుకుంటున్న గోలలో సెక్రటరీ అనే ఒక మాట నలిగిపోయింది: "మూడు నేను నొక్కలేదయ్యా!" సీను మధ్యలో ఉన్న ఆ మాటను చివరికి తెచ్చాను. అతను బయటికొచ్చి, చొక్కా సర్దుకుంటూ విసుగ్గా ఆ మాట అంటాడు. వాచ్‌మన్ జవాబు చెప్పడు, చెప్పిన షాటు తీసేశాను. నర్సు ఒక్కసారి లిఫ్టు అంతస్తు చూపే ఇండికేటర్ వైపు చూస్తుంది. అంతే, కట్. ఇందులో భయం లేదు, నవ్వు కూడా అయిపోయింది. 'అదేంటి?' అన్న చిన్న ప్రశ్న మిగిలింది. నాకు కావలసిన మూడో రసం షూటింగ్‌లోనే దొరికింది, ఎడిట్‌లో దాన్ని చోటు మార్చానంతే.

కొత్త టీజర్ నిమిషం లోపే. నర్సు సామాను దించుకునే సీను కోసం తీసి వాడకుండా వదిలేసిన షాట్లు కొన్ని, ఆ తర్వాత ఒక పూట ప్యాచ్ వర్క్‌లో (తక్కువపడిన షాట్ల కోసం చేసే చిన్న షూటింగ్‌లో) తీసుకొచ్చినవి కొన్ని: ఖాళీ కారిడార్, పాత అద్దెదారు పేరు ఇంకా అంటుకుని ఉన్న ఉత్తరాల పెట్టె, ఒకటి రెండు మూడు అని మారే ఇండికేటర్. మాటల్లేవు, నేపథ్యసంగీతం లేదు. లిఫ్టు మోటారు, రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ఆ చోట వినిపించే సన్నని మోత) మాత్రమే. దీనికి ఎవరూ భయపడరు. భయానికి ఇక్కడ చోటుందని మాత్రం తెలుస్తుంది.

31వ నిమిషం సీనులో నర్సు ముఖం ముందుకు వచ్చింది. చిక్కేమిటంటే, ఆ సీనుకు ఆమె క్లోజప్ తీయలేదు. వేరే సంభాషణలో ఎదుటివాళ్ల మాట వింటున్న క్లోజప్ ఒకటి దొరికింది, పెదవులు కదలని కొన్ని సెకన్లు. దాన్నే వాడాను. చూసేవాళ్లు పక్క షాటును బట్టే ముఖంలో భావం చదువుకుంటారు కాబట్టి అది చెల్లింది. తలుపు తెరుచుకోవడం తెర బయట వినిపిస్తుంది, ఆ తర్వాతే లిఫ్టు కనిపిస్తుంది, అదీ ఆమె భుజం మీదుగా సగమే. వాచ్‌మన్ రియాక్షన్ పూర్తిగా పోయింది. 'టింగ్' కూడా తీసేశాం. కామెడీ సీన్లలో ఆ మోతను అలాగే ఉంచి, ఇక్కడ మాత్రం రాకుండా చేశాం. ఎపిసోడ్ తనకు తాను ఏర్పరచుకున్న చిన్న ఆనవాయితీని తానే తప్పినప్పుడు, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది.

నిర్మాతల్లో ఒకరు అక్కడ చెవులదిరే శబ్దం ఒకటి పెట్టమన్నారు. ఈ ఎత్తుకు తాత 1942లో వచ్చిన హాలీవుడ్ హారర్ సినిమా 'క్యాట్ పీపుల్'. రాత్రి ఒంటరిగా నడుస్తున్న స్త్రీ వెనకాల అడుగుల చప్పుడు, అది ఆగిపోవడం, మనం దాడి కోసం ఎదురుచూస్తుండగా ఫ్రేములోకి హఠాత్తుగా దూసుకొచ్చి చప్పుడుతో ఆగిన బస్సు. ఎడిటర్ మార్క్ రాబ్సన్. ఆ బస్సుకు అంత బలం రావడానికి దాని ముందు పోగైన నిశ్శబ్దం కారణం. మా సీనుకు ముందు అంత నిశ్శబ్దం కూడబెట్టే ఫుటేజ్ లేదు. ఉత్త శబ్దం పెడితే ఉలిక్కిపడతారు, మరుక్షణం ఉలిక్కిపడినందుకు తమను చూసుకుని నవ్వుతారు. మళ్లీ మొదటికే వస్తాం. వద్దన్నాను, విన్నారు.

వెలుగు దగ్గర మాత్రం ఓటమి ఒప్పుకోవలసి వచ్చింది. డీఐలో, అంటే కంప్యూటర్ మీద రంగులూ వెలుగూ సరిదిద్దే దశలో, చీకటి చేయొచ్చు కదా అని అందరూ అనుకుంటారు. నీడలను పలచన చేసే ఫిల్ లైట్ పడి తేటగా రికార్డయిన గోడను ఆ దశలో కిందికి లాగితే నీడ రాదు, బూడిద రంగు మసక వస్తుంది. కలరిస్ట్ ఓపిగ్గా మాస్కులు వేసి కారిడార్ చివరి భాగాన్ని తగ్గించాడు. ముఖాల దాకా వచ్చేసరికి చర్మం నిర్జీవంగా మారిపోతోందని ఆపేశాం. నటులతో రీషూట్‌కు డబ్బు లేదు. అందుకే ప్యాచ్ వర్క్‌లో మనుషుల్లేని షాట్లే తీశారు, ఒకే ఒక్క లైటుతో.

రెండో ప్రదర్శన

చివరికి ఎపిసోడ్ 40 నిమిషాలకు తేలింది. ఈసారి వేరే ప్రేక్షకులు. సెక్రటరీ సీనులో నవ్వులు అలాగే ఉన్నాయి, కాస్త తగ్గాయంతే. "మూడు నేను నొక్కలేదయ్యా" దగ్గర నవ్వు సగంలో ఆగిపోవడం వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. లిఫ్టు సీనులో ఒకరు నవ్వబోయి, చుట్టుపక్కల ఎవరూ నవ్వకపోవడంతో మానేశారు. ఫారాల్లో ఎక్కువమంది మిస్టరీ, థ్రిల్లర్ అని రాశారు. హారర్ అన్నవాళ్లు తక్కువే, నాకూ అదే సరైనదనిపిస్తుంది.

ల్యాగ్ మాట దాదాపు వినిపించలేదు. రెండు నిమిషాలే తగ్గింది, పైగా భయం సీన్లలో షాట్లు మునుపటికన్నా పొడవయ్యాయి. ల్యాగ్ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడల్లా కత్తెర తీయకూడదనడానికి ఈ కేసు నాకు మంచి సాక్ష్యం. మొదట్లో ఒకటి ఇస్తామని మాటిచ్చి ఇంకొకటి ఇస్తుంటే, ఎదురుచూసినది రాని ప్రతి నిమిషమూ సాగుతున్నట్టే ఉంటుంది.

నష్టపోయినవీ ఉన్నాయి. వాచ్‌మన్ పాత్ర చిక్కిపోయింది. ఆ నటుడి అత్యుత్తమ ముఖకవళిక ఇప్పుడు ఎపిసోడ్‌లో లేదు, ఆయన నొచ్చుకున్నాడని విన్నాను, న్యాయమే. ఎపిసోడ్ నడుమ ఆసుపత్రి సీన్లు ఇంకా మూడో జానర్‌లోనే ఉన్నాయి: చేతిలో కెమెరా, గబగబా నడుస్తూ మాటలు, ఒకరి మాట మీద ఒకరి మాట. మెడికల్ డ్రామా చూసి చూసి అలవాటైన శైలిని యూనిట్ ఆలోచించకుండా దింపేసింది. ఎపిసోడ్‌లో అన్నిటికన్నా బలహీనమైన భాగం ఇప్పటికీ అదే. ఉన్న ఫుటేజ్‌తో దాన్ని సరిచేసే దారి నాకు కనిపించలేదు.

తక్కిన ఎపిసోడ్ల ఎడిటర్లకు ఒక పేజీ నోట్స్ ఇచ్చాను. భయం సీనులో వస్తువు కన్నా ముఖం ముందు రావాలి, 'టింగ్' మోత నవ్వు సీన్లకే పరిమితం, సీను చివర వివరణ వద్దు, జోకు నుంచి భయానికి నేరుగా కట్ చేయొద్దు. ఐదో ఎపిసోడ్ చేసిన ఎడిటర్ వీటిలో మొదటి రెంటినీ కావాలనే తలకిందులు చేసింది: భయం పతాకస్థాయిలో 'టింగ్' మోగుతుంది, తలుపు తెరుచుకుంటే లోపల సెక్రటరీ మళ్లీ ఇరుక్కుని ఉంటాడు. నాలుగు ఎపిసోడ్లుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు ఆ సీను పేలింది. పైలట్‌లో పేలినప్పుడు బాధపడిన దర్శకుడే దీన్ని చూసి చప్పట్లు కొట్టాడు.

ఇక మా చేతిలో లేనిది ఒకటే మిగిలింది. స్ట్రీమింగ్ వేదిక మీద సిరీస్ పక్కన కనిపించే బొమ్మ, రెండు వాక్యాల పరిచయం మార్కెటింగ్ విభాగం చూసుకుంటుంది. వాళ్లు మొదట ఎంచిన బొమ్మలో నోరు తెరిచిన వాచ్‌మన్ ఉన్నాడు. ఎపిసోడ్‌లో లేని షాటు! కారిడార్‌లో వెనుదిరిగి నిలబడిన నర్సు స్టిల్ పంపి మార్చమని అడిగాం. మొదటి ఎపిసోడ్ వరకు మార్చారు. తక్కిన వాటికి ఏ బొమ్మ పెడతారో విడుదల రోజున ప్రేక్షకులతోపాటే మేమూ చూస్తాం.